ముప్ఫై శాతం హైడ్రోజన్ అంటే ఎంత?

గత నెల మా స్నేహితుడి కూతురు ఫోన్ చేసింది. హైదరాబాదులో గ్యాస్ టర్బైన్ల మరమ్మతులు, మార్పులు చేసే ఒక కంపెనీలో ఆమె ఇంజనీరు. కస్టమర్లకు పంచడానికి కొత్తగా అచ్చు వేయించిన చిన్న పుస్తకం ఒకటి నాకు పంపి, చదివి తప్పులుంటే చెప్పమన్నది. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ‘30 శాతం హైడ్రోజన్‌కు సిద్ధం’ అని ఉంది. అంతా చదివాక నేనే తిరిగి ఫోన్ చేశాను.

“ఆ ముప్ఫై శాతం చూసి మీ కస్టమరు, కార్బన్ డయాక్సైడ్ ఎంత తగ్గుతుందని అనుకుంటాడమ్మా?” అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. “ముప్ఫై శాతమే అనుకుంటాడు మామయ్యా.”

“ఎంత తగ్గుతుంది?”

“పదకొండు చిల్లర.”

ఆమెకు తెలుసు. ఆ పుస్తకం రాసినవాళ్ళకూ తెలుసు. గ్యాస్ టర్బైన్ల దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ తెలిసిన లెక్కే ఇది. తెలిసి కూడా పైకి అనకపోవడమే నా చేత ఇదంతా రాయిస్తున్నది.

ఆ శాతం ఘనపరిమాణంలో కొలిచినది. ఒక ఘనపు మీటరు మీథేన్ కాలిస్తే 36 మెగాజౌళ్ళకు దగ్గరగా వేడి వస్తుంది. అంతే హైడ్రోజన్ కాలిస్తే 11 మాత్రమే. కాబట్టి గొట్టంలో వెళ్ళే వాయువులో నూటికి 30 పాళ్ళు హైడ్రోజన్ ఉన్నా, టర్బైన్‌కు అందే వేడిలో దాని వాటా 11 పాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. 5 శాతం కలిపితే తగ్గేది ఒకటిన్నర. సగానికి సగం కలిపినా 23. కార్బన్ డయాక్సైడ్ నిజంగా సగం కావాలంటే హైడ్రోజన్ 77 శాతానికి చేరాలి.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మెక్‌డొనో-అట్కిన్సన్ అనే పెద్ద గ్యాస్ కేంద్రం ఉంది. అక్కడ 2022లో మిత్సుబిషి టర్బైన్ ఒకదాన్ని 20 శాతం హైడ్రోజన్ మిశ్రమంతో నడిపారు. కార్బన్ డయాక్సైడ్ సుమారు 7 శాతం తగ్గింది. 2025లో అదే కేంద్రంలో 50 శాతం దాకా వెళ్ళారు. తగ్గింది 22 దగ్గర. ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన విషయం, వాళ్ళు రెండు అంకెలనూ పక్కపక్కనే చెప్పడం. 20 పక్కన 7 కనిపిస్తే చదివినవాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఎందుకని అడుగుతాడు. 30 ఒంటరిగా కనిపిస్తే ఎవరూ ఏమీ అడగరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టర్బైన్‌లో ఏ ఇంధనం కాల్చినా లెక్క మాత్రం ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని గ్రాములు అన్న రూపంలో బయటికి రావాలి. కార్బన్ డయాక్సైడ్‌కైనా, నైట్రోజన్ ఆక్సైడ్లకైనా అదే కొలత. ఇప్పుడు మనం వాడుతున్న కొలతలు రెండూ తప్పుదారి పట్టిస్తున్నాయి. అదీ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో. ఘనపరిమాణ శాతం హైడ్రోజన్‌ను ఉన్నదానికన్నా గొప్పగా చూపిస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లకు వాడే పీపీఎం, అంటే పొగలో పది లక్షల పాళ్ళకు ఎన్ని పాళ్ళు అన్న కొలత, అదే హైడ్రోజన్‌ను ఉన్నదానికన్నా చెడ్డగా చూపిస్తుంది.

కంబస్టర్ లోపల ఆ శాతం అవసరమే

ఆ అమ్మాయి వెంటనే ఒక మాట అన్నది. అది కాదనలేనిది. “మాకు కావలసింది ఘనపరిమాణమే కదా మామయ్యా. మంట ఎక్కడ నిలబడుతుందో తేల్చేది అదే.”

నిజం. మీథేన్, గాలి కలిసిన మిశ్రమంలో మంట నిశ్చలంగా ఉన్న వాయువులోకి సెకనుకు 40 సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. హైడ్రోజన్ అయితే 2 మీటర్లు దాటిపోతుంది. టర్బైన్‌లో ఇంధనం కాలే గదులే కంబస్టర్లు. ఇప్పటి కంబస్టర్లలో ఇంధనాన్ని ముందే గాలితో పలుచగా కలిపి, ఆ తరువాత వెలిగిస్తారు. అలా చేస్తేనే మంట ఉష్ణోగ్రత అదుపులో ఉండి నైట్రోజన్ ఆక్సైడ్లు, మేము అలవాటుగా నాక్స్ అనేవి, తగ్గుతాయి. అయితే కలిపే చోట మిశ్రమం సిద్ధంగా ఉన్నది కాబట్టి మంట వేగం పెరిగితే అది వెనక్కి పాకి ఆ కలిపే చోటులోకే దూరగలదు. దాన్నే ఫ్లాష్‌బ్యాక్ అంటాం. లోహం ఆ వేడికి నిలవదు.

ఇది నేను కళ్ళారా చూశాను, హైడ్రోజన్ లేకుండానే. గోదావరి ప్రాంతంలోని ఒక గ్యాస్ విద్యుత్ కేంద్రంలో చాలా ఏళ్ళు షిఫ్టు ఇంజనీరుగా చేశాను. ఒక వానాకాలం రాత్రి ఎగ్జాస్ట్ స్ప్రెడ్ మెల్లగా పెరగడం మొదలైంది. టర్బైన్ వెనుక వలయంగా అమర్చిన థర్మోకపుళ్ళన్నీ దాదాపు ఒకే ఉష్ణోగ్రత చూపాలి. వాటి మధ్య తేడానే స్ప్రెడ్. అది పెరిగిందంటే ఏదో ఒక కంబస్టర్ మిగతావాటిలా కాలడం లేదని అర్థం. లోడు తగ్గించాం. స్ప్రెడ్ తగ్గలేదు. టర్బైన్ ఆపేశాం. చల్లారాక లోపలికి దూర్చి చూసే బోరోస్కోప్ పెట్టి చూస్తే ఒక ఇంధన నాజిల్ మూతి కరిగి మైనంలా జారి ఉంది. గ్యాస్‌తో పాటు కొంత కండెన్సేట్, అంటే గ్యాస్‌లోని బరువైన భాగం, ద్రవంగా కొట్టుకువచ్చింది. దాన్ని పట్టి ఆపవలసిన డ్రమ్ము దగ్గర లెవెల్ మీటరు తప్పు చూపించింది. వచ్చిన ద్రవం రెండు బకెట్లు కూడా ఉండదు. కాగితం మీద ఇంధనం మారనే లేదు, అదే బావుల గ్యాస్. అయినా మంట తన చోటు మార్చుకుంది.

కాబట్టి కంబస్టర్ తయారుచేసే వాళ్ళు 5 నుంచి 20కి, 20 నుంచి 50కి అడుగడుగునా వెళ్ళడాన్ని నేను తేలికగా తీసిపారేయను. జపాన్‌లోని కోబె రేవులో కవాసాకి కంపెనీ 2018లో 1 మెగావాటు తరగతి టర్బైన్‌ను హైడ్రోజన్‌తోనే నడిపింది. అప్పుడు నాక్స్ తగ్గించడానికి నీళ్ళు చిమ్మవలసి వచ్చింది. సన్నని రంధ్రాల నుంచి వందల చిన్న చిన్న మంటలుగా కాల్చే పద్ధతితో నీళ్ళు లేకుండా నడపడం 2020లో సాధ్యమైంది. ఫ్రాన్స్‌లోని సయ్యా-సుర్-వియెన్ ఊళ్ళో ఒక కాగితం మిల్లు దగ్గర సీమెన్స్ టర్బైన్ 2023లో నూటికి నూరు పాళ్ళు హైడ్రోజన్‌తో తిరిగింది. వీటి వెనుక ఎన్ని నాజిళ్ళు కరిగి ఉంటాయో నేను ఊహించగలను. ఆ పనికి నమస్కారం పెడతాను.

కానీ కంబస్టర్ లోపల పనికివచ్చే అంకె బయట కూడా పనికిరావాలని లేదు. వంట చేసేవాళ్ళకు ఉప్పు చెంచాల లెక్క కావాలి, తినేవాళ్ళకు రుచి కావాలి. ఇంజనీరు గదిలో ఉండవలసిన శాతాన్ని పుస్తకం అట్ట మీదికి ఎక్కించినప్పుడే పొరపాటు జరుగుతుంది.

టీ కొట్టు దగ్గర ఒక ప్రశ్న

మా కేంద్రం గేటు ఎదురుగా ఒక టీ కొట్టు ఉండేది. పక్క ఊరి వరి రైతు ఒకాయన రోజూ వచ్చేవాడు. ఒకరోజు నన్ను అడిగాడు: “బొగ్గు కాదు కదండీ, పొగే కనబడదు. మరి ఆ గొట్టం అంత ఎత్తు ఎందుకు?”

వేడిగాలి పైకి పోవడానికి అని చెప్పాను. అబద్ధం కాదు గానీ, అది జవాబూ కాదు. ఆ ఎత్తు కనబడని దాని కోసమే. గాలిలో మనం రోజూ పీల్చే నైట్రోజన్, ఆక్సిజన్ 1,800 కెల్విన్లు దాటిన మంటలో కలిసిపోవడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి వేడి కొద్దిగా పెరిగినా నాక్స్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది బయటికి వచ్చి ఎండలో ఓజోన్ తయారీకి తోడ్పడుతుంది. నేల దగ్గరి ఓజోన్ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, పైరు ఆకులకూ మంచిది కాదు. ఇదంతా ఆ రైతుకు చెప్పవలసింది. చెప్పలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మరుసటి వారం ఆయనే మళ్ళీ అన్నాడు: “పొద్దున్నే మొదలుపెట్టేటప్పుడు మాత్రం గొట్టం మీద పసుప్పచ్చగా ఏదో కనబడుతుందండీ.” ఆయన చూసింది నైట్రోజన్ డయాక్సైడ్. తక్కువ లోడులో టర్బైన్ ఇంకా పలుచని మిశ్రమానికి మారకముందు కనిపించే రంగు అది. పొగను కొలిచే ఏ ఎనలైజరూ లేకుండా ఆయన కనిపెట్టాడు.

ఆయన పొలం మీద పడేది గ్రాముల్లో పడుతుంది, పీపీఎంలో కాదు.

పీపీఎం దగ్గర జరిగే అన్యాయం

మన దేశంలో 1999 జూన్ తరువాత వచ్చిన కేంద్రాల్లో, టర్బైన్ల సామర్థ్యం 400 మెగావాట్లు, అంతకు మించితే నాక్స్ పరిమితి సహజవాయువుకు 50 పీపీఎం, నాఫ్తా అనే ద్రవ ఇంధనానికి 100. ఇది తేమ తీసేసి, ఆక్సిజన్ 15 శాతం ఉన్నట్టు సవరించి చెప్పే అంకె. ఎవరైనా గాలి కలిపి పలుచన చేసి తప్పించుకోకుండా పెట్టిన మంచి నియమం. సహజవాయువు ఒక్కటే కాలుతున్నంత కాలం పెద్ద ఇబ్బంది లేదు.

హైడ్రోజన్ వచ్చేసరికి ఆ నియమం వక్రించింది. హైడ్రోజన్ కాలితే వచ్చేది నీటి ఆవిరి మాత్రమే. కొలిచే ముందు ఆ ఆవిరిని తీసేస్తాం. అంటే పొగలో ఒక పెద్ద భాగాన్ని లెక్కలోంచి తప్పిస్తున్నాం. మిగిలిన కొంచెం వాయువులో అదే నాక్స్ చిక్కగా కనిపిస్తుంది. కాగితం మీద వేసి చూసుకోవచ్చు: ఒకే వేడికి ఒకే బరువు నాక్స్ పుట్టినా, మీథేన్‌తో 25 పీపీఎం చూపించే ఎనలైజరు స్వచ్ఛమైన హైడ్రోజన్‌తో 34 చూపిస్తుంది. మూడో వంతుకు పైగా పెరిగింది, ఒక్క మిల్లీగ్రాము ఎక్కువ పుట్టకుండానే.

నాక్స్ అసలు పెరగదని నేను అనడం లేదు. అదే గాలిలో హైడ్రోజన్ మంట మరింత వేడిగా ఉంటుంది, సరిగా కలవకపోతే నాక్స్ తప్పకుండా పెరుగుతుంది. నేను అనేది ఎనలైజరు దగ్గర కలిసిపోతున్న రెండు పెరుగుదలల గురించి. ఒకటి నిజంగా గొట్టం దాటి వస్తున్నది, రెండోది లెక్క వేసే పద్ధతి వల్ల కనిపిస్తున్నది. ఈ రెండింటినీ విడదీయకపోతే రేపు ఒక మంచి కంబస్టర్‌ను నియమం పేరుతో పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

పీపీఎం చెప్పని సంగతి మరొకటి ఉంది. 50 పీపీఎంతో నడిచే రెండు కేంద్రాలను తీసుకోండి. ఒకటి టర్బైన్ వదిలే వేడితో ఆవిరి పుట్టించి మళ్ళీ కరెంటు తీస్తూ, సహజవాయువు వేడిలో సగాన్ని కరెంటుగా మార్చే కంబైన్డ్ సైకిల్. మరొకటి ఆ వేడిని అలాగే వదిలేసి మూడో వంతు మాత్రమే మార్చే ఓపెన్ సైకిల్. మొదటిది యూనిట్‌కు 0.62 గ్రాముల నాక్స్ వదిలితే, రెండోది 0.94 వదులుతుంది. చట్టం దృష్టిలో రెండూ సమానం.

ఇది మాకు నాఫ్తా రోజుల్లోనే తెలియవలసింది. గ్యాస్ చాలనప్పుడు నాఫ్తాకు మారేవాళ్ళం. డీజిల్ మీద మొదలుపెట్టి, లోడు ఎక్కాక నాఫ్తాకు మార్చి, ఆపే ముందు మళ్ళీ డీజిల్‌కు రావాలి. పంపులు అరగకుండా కాపాడే జిడ్డు నాఫ్తాకు లేదు, లైన్లలో నిలవ ఉంచితే ప్రమాదం. దానితో నాక్స్ పెరిగేది. తగ్గించడానికి కంబస్టర్‌లోకి డీఎం నీళ్ళు, అంటే లవణాలు తీసేసిన నీళ్ళు, చిమ్మేవాళ్ళం, ఇంధనం బరువులో సగానికి పైగా. ఎనలైజరు మీద పీపీఎం ముచ్చటగా దిగేది. కానీ ఆ నీళ్ళను ఆవిరి చేయడానికి కూడా ఇంధనమే ఖర్చయ్యేది. నీళ్ళు ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ పైకి లేచేది. యూనిట్‌కు పడే ఇంధనం ఎంత పెరిగిందో వేరే రిజిస్టరులో ఉండేది. ఆ రెండు రిజిస్టర్లనూ ఒకచోట పెట్టి చూడాలని నాతో సహా ఎవరికీ తోచలేదు.

ఆమె వేసిన ఎదురు ప్రశ్న

“అన్నీ గ్రాముల్లో అడిగితే, ఇప్పుడే మొదలైన పనిని మొగ్గలోనే తుంచేసినట్టు కాదా మామయ్యా? 5 శాతం దగ్గర ఒకటిన్నర శాతమే తగ్గుతుందని చెబితే ఎవరు డబ్బు పెడతారు?”

దీనికి నా దగ్గర వెంటనే సమాధానం లేదు. రెండు రోజులు ఆలోచించాను. ఇంధనం గురించి గొప్పగా విని, డబ్బు పెట్టి, తరువాత ఏమయ్యిందో మన కోస్తా చూసింది. సముద్రంలోని కృష్ణా-గోదావరి డీ-6 బావుల గ్యాస్ 2009లో వచ్చింది. అది నిలకడగా ఉంటుందన్న నమ్మకంతో వేమగిరి నుంచి సామర్లకోట దాకా టర్బైన్లు లేచాయి. నాలుగేళ్ళు తిరగకముందే గ్యాస్ అడుగంటింది. మంగళూరు దగ్గర తణ్ణీర్‌బావిలో 2001 నుంచి నాఫ్తాతో నడిచిన 220 మెగావాట్ల తేలియాడే కేంద్రాన్ని ఈ గ్యాస్ కోసమే 2010లో సముద్రం మీదుగా కాకినాడకు తెచ్చారు. టర్బైన్లు ఇంధనం మార్చుకోగలవు, ఊరు కూడా మార్చుకోగలవు. ఇంధనం గురించి చెప్పిన మాట నిలబడకపోతే మాత్రం అవి ఏమీ చేయలేవు. ఉన్నది ఉన్నట్టు చెప్పి తక్కువ డబ్బు తెచ్చుకోవడమే మేలని నేను ఆ అమ్మాయికి చెప్పింది అందుకే.

గ్రాముల లెక్క ఇంకో తలుపు కూడా తెరుస్తుంది. అది గొట్టం దగ్గర ఆగిపోదు, ఇంధనం ఎక్కడ పుట్టిందో అడుగుతుంది. సహజవాయువు నుంచి మామూలు పద్ధతిలో తీసిన హైడ్రోజన్ కిలోకు 10 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ కిలోను మంచి కంబైన్డ్ సైకిల్‌లో కాలిస్తే 18 యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్‌కు అర కిలో దాటింది. ఆ సహజవాయువునే నేరుగా కాల్చి ఉంటే 400 గ్రాముల లోపే. గొట్టంలోంచి కార్బన్ రాకపోయినా, గాలిలోకి ఎక్కువే చేరింది. ఇక నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తే కిలోకు 50 యూనిట్లకు పైగా కరెంటు పోస్తాం, తిరిగి 18 తీసుకుంటాం. ఎండ, గాలి లేని సాయంత్రాల కోసం ఆ నష్టాన్ని భరించవచ్చా అన్నది నిజమైన చర్చ. భరించవలసిన గంటలు కొన్ని ఉంటాయనే నేను అనుకుంటున్నాను. ఏడాది పొడవునా మాత్రం కాదు.

అమ్మోనియా సంగతి

కాకినాడ వాళ్ళకు అమ్మోనియా కొత్త కాదు. ఎరువుల ఫ్యాక్టరీ అక్కడ సహజవాయువుతో అమ్మోనియా చేసేది. ఇప్పుడు అదే చోట ఏడాదికి 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా, అంటే ఎండ, గాలి కరెంటుతో తీసిన హైడ్రోజన్‌తో చేసేది, తయారుచేయాలని ఏఎం గ్రీన్ కంపెనీ పూనుకుంది. అందులో కొంత టర్బైన్లలో కాలుతుందని విన్నప్పుడు నాకు ముందు అపనమ్మకం కలిగింది. అమ్మోనియా మంట సెకనుకు 7 సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది. హైడ్రోజన్ మంటతో భయం వెనక్కి దూసుకువస్తుందని, దీనితో భయం ఆరిపోతుందని. పైగా ఇంధనంలోనే నైట్రోజన్ ఉంది. మంటను చల్లబరచినంత మాత్రాన నాక్స్ తగ్గదు. మొదట గాలి తక్కువగా ఇచ్చి కాల్చి, తరువాత మిగతా గాలి కలపాలి. అక్కడ తేడా వస్తే నైట్రస్ ఆక్సైడ్ బయటపడుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు.

జపాన్ కంపెనీ ఐహెచ్‌ఐ 2022లో 2 మెగావాట్ల టర్బైన్‌ను పూర్తిగా ద్రవ అమ్మోనియాతో నడిపింది. నా అపనమ్మకం కొంత సడలింది. అక్కడ చూడవలసిన అంకె కూడా నైట్రస్ ఆక్సైడ్‌ను కలుపుకున్న మొత్తమే. ‘కార్బన్ లేని ఇంధనం’ అన్న మాటలో ఆ 273 కనబడదు. యూనిట్‌కు గ్రాముల లెక్కలో తప్పక కనబడుతుంది. నా మటుకు నాకు కాకినాడ అమ్మోనియా ముందు ఎరువుకు పోవాలని ఉంది. ఎరువుకు బదులు లేదు, కరెంటుకు ఉంది.

ఆ అమ్మాయి పుస్తకం మార్పించలేకపోయింది. అట్ట మీద 30 అలాగే ఉంది. లోపలి పేజీలో మాత్రం ఒక కొత్త పట్టిక వేయించగలిగింది: 5, 20, 30, 50 శాతాల పక్కన యూనిట్‌కు కార్బన్ డయాక్సైడ్ గ్రాములు, నాక్స్ గ్రాములు. పై అధికారి “ఇది ఎవరు అడిగారు?” అన్నాడట. ఒక కస్టమరు అడుగుతాడని చెప్పిందట.

మొన్న నేను ఇంకొకటి అడిగాను. ఇప్పుడు టర్బైన్లు పగలంతా ఆగి, సూర్యుడు దిగాక మొదలవుతున్నాయి. మొదలయ్యే ఆ అరగంటలో, గొట్టం మీద పసుపు కనిపించే సమయంలో, ఎన్ని గ్రాములు పోతాయి? ఆ పట్టికలో అది లేదు. కనీస లోడు చేరేదాకా వచ్చే రీడింగులను తమ రిపోర్టుల్లో కలపరని, అందుకే భద్రపరచలేదని చెప్పింది. మా షిఫ్టుల్లో మొదలుపెట్టిన ప్రతిసారీ అయిదు నిమిషాలకొకసారి లోడు, ఇంధనం, నాక్స్ చేత్తో రాసేవాళ్ళం. అలాంటి పాత నోటుపుస్తకాలు రెండు మా ఇంటి అటక మీద ఉన్నాయి. ఆదివారం వస్తానన్నది. కాలిక్యులేటర్ తెచ్చుకోమన్నాను.